మావయ్యగారి రాగి నాణెం

ఏవండీ,
అత్తిలి అక్క దగ్గరికి వెళ్తున్నాను. కొరమీను పులుసు పొయ్యి మీదే ఉంది, కాస్త వేడి చేసుకోండి. నాణేలు కొనే ఆయన నాలుగింటికి వస్తానని ఫోన్ చేశారు. ఆయనకు ముందే నిజం చెప్పేయండి. మావయ్యగారి నాణెం లాంటిది పదేళ్లలో ఒక్కటే అమ్ముడైందని, దాని ఫోటో పక్కన పెట్టి మనదాని మీద పాత నలుపు చెదరకుండా ఉందో లేదో చూసే ధర కడతారని నిన్న మీరే చెప్పారు. మొన్న శుక్రవారం దేవుడి సామాన్లతో పాటు దాన్నీ చింతపండు పెట్టి తోమేశాను. మెరుస్తుంటే మీరు సంతోషిస్తారనుకున్నానండీ. నిన్న మీ ముఖంలో ఆశ చూశాక నోరు పెగల్లేదు.

సత్యవాణి

అక్క నన్ను రమ్మనలేదు. మీరు ఆ నాణెం డబ్బా మూత తీసేటప్పుడు ఎదురుగా నిలబడలేక వెళ్తున్నాను.