పన్నెండు చేతులు

మద్దిచెలిమ,
లక్సెట్టిపేట తాలూకా,
11 ఫిబ్రవరి 1962.

గౌరవనీయులైన ఫజలుద్దీన్ సారు గారి సముఖానికి, బీడీ ఆకు గోదాములో లెక్కలు రాసే అంతయ్య సలాం చేసి రాస్తున్న ఉత్తరం.

నేనూ, నా భార్య లస్మవ్వా, బిడ్డ బాలలక్ష్మీ ప్రాణాలతో ఉన్నాం. మీరూ, ఉమ్రావ్ బేగం గారూ కరీంనగర్‌లో కుదురుకున్నారని తలుస్తాను.

మీ కార్డు అందింది. అమెరికా పాఠం పిల్లలు పూర్తి చేశారా, కోర్టు ఆట ఆడారా అని అడిగారు. ఆడారు. దాని గురించే ఈ ఉత్తరం. నాకు బడి చదువు లేదు. రోజువారీ లెక్క రాసినట్టు, జరిగింది జరిగిన వరుసలో పెట్టడమే చేతనవును.

మీరు బదిలీ మీద వెళ్లేనాటికి సగం పని అయింది కదా. అట్టలతో కట్టిన వాళ్ల అధ్యక్షుడి తెల్ల మేడ ఇంకా బడి కిటికీలో ఉంది. యాభై రాష్ట్రాల పటానికి పిల్లలు పసుపు, నీలిమందు, వాగు ఎర్రమట్టి పూశారు. మిగిలింది కోర్టు. నేరం మోపిన మనిషిని సాటి మనుషులే పన్నెండుమంది కూర్చుని విచారిస్తారని, అందరిదీ ఒక్క మాట కావాలని, ఒక్కరు కాదన్నా శిక్ష లేదని మీరు చెప్పిందంతా బాలలక్ష్మి మాకు ఇంట్లో అప్పజెప్పింది. లస్మవ్వ విని, మన పంచాయతిల గూడ గిట్లుంటే ఎంత బాగుండు అన్నది.

మీరు ఇచ్చిన కేసు దూడ దొంగతనం. అది పిల్లలకు నచ్చలేదు. మీరు వెళ్లాక ఊళ్లోకి గొంతువాపు వచ్చింది. జ్వరం, గొంతు పూడుకుపోవడం, ఊపిరాడకపోవడం. ముగ్గురు పసివాళ్లు పోయారు. అందులో ఒకతె మీ తరగతి పర్శరాములుకు చెల్లెలు. ఇదంతా కొమురవ్వ చేసిన చేతబడి అని ఇంటింటా గుసగుస. బడి ముందు రేగుపండ్లు అమ్మే ముసలామె కొమురవ్వే. మీరు రోజూ పలకరించేవారు. పెనిమిటి లేడు, కన్న బిడ్డలు మిగలలేదు, ఒంటరిది. ఊరికి అంతకంటే రుజువు అక్కరలేకపోయింది.

మీ స్థానంలో ఇంకా ఎవరూ రాలేదు. పెద్ద సారు తాలూకా ఆఫీసుకు పోయిన రోజు చూసి, పర్శరాములు దూడ కేసు తీసేసి కొమురవ్వ మీద కేసు పెట్టాడు. పిల్లలు పిలవగానే ఆమె గంపతో సహా లోపలికి వచ్చింది. మీ కుర్చీలో కూర్చోబెడితే మురిసిపోయిందట. ఏందిరా, నన్ను పంతులమ్మను చేస్తుండ్రా, మరి బెత్తం ఏదిరా అని అందరినీ నవ్వించిందట.

పర్శరాములు మాత్రం నవ్వలేదు. ఊళ్లె పిల్లలను నువ్వే తింటున్నవా అని అడిగాడు. మన వైపు అవ్వలు పిల్లలను ముద్దుచేసే తీరు మీకు తెలుసు. బుగ్గ పట్టుకుని తింట, మింగుత అంటారు. ఆమెకు చూపు తక్కువ, వాడి ముఖం కనబడలేదు. ఆటే అనుకుంది. అవు కొడుకా, తింటున్న, ఇంక కడుపు నిండలే, నిన్ను గూడ తింట దా అని చేతులు చాచిందట.

పన్నెండుమందీ పక్క గదిలోకి పోయారు. పదకొండు చేతులు లేచాయి. బాలలక్ష్మి ఎత్తలేదు. అవ్వ నవ్వులాటకు అన్నది, నిజంగ తినేటోళ్లు చెప్తరా అని అడిగిందట. ఒక్కరు కాదన్నా శిక్ష లేదన్న మీ మాట గుర్తుచేసిందట. సారు ఇప్పుడు ఏడున్నడు అన్నాడట ఒకడు. నీకు గూడ మంత్రం నేర్పిందా, నోరు తెరువు చూస్తం అన్నాడట ఇంకొకడు. అందరూ చుట్టూ మూగారు. చిన్న పిల్ల సారూ. చేయి ఎత్తింది.

సాయంత్రానికి మాట పటేలు దాకా పోయింది. మర్నాడు కొమురవ్వను చావడి దగ్గరికి పట్టి తెచ్చారు, అక్కడ నేనూ ఉన్నాను. ఇది అంటురోగం, పత్రికలో చదివాను, డాక్టరును పిలిపిద్దాం అన్నాను. పత్రికలెందుకు అంతయ్యా, చదువుకున్న పిల్లలు పన్నెండుమంది ఒక్క మాట అన్నరు, నీ బిడ్డ గూడ చేయెత్తింది, అమెరికాల మాత్రం ఇంతకన్న ఏం చేస్తరు అన్నాడు పటేలు. అందరూ నవ్వారు. ఇద్దరు నన్ను పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టారు.

నోట పళ్లు లేకపోతే మంత్రం పలకదని ఇక్కడి నమ్మకం. పటుకారు తెచ్చారు. అంతకంటే రాయను.

కేక బడి దాకా వినిపించింది. పర్శరాములు ఉరుకుతూ వచ్చాడు. అది ఉత్తుత్త కోర్టు బాపూ, మేం ఉత్తుత్తగ ఆడినం, ఆమెను ఇడువుండ్రి అని ఏడ్చాడు. వాళ్ల బాపు వాణ్ణి భుజాన వేసుకుని ఇంటికి పోయాడు.

ఆ తరువాత కొమురవ్వ ఊళ్లో కనిపించలేదు. ప్రాణహిత దాటి చాందా వైపు పోయిందని కొందరు, గోదావరిలో పడిందని కొందరు. నిన్న మా పక్కింటి చంద్రవ్వ చిన్న బిడ్డకు గొంతు వాచింది. ముసల్ది చావలే, ఏడనో దాగి చేస్తుంది, దొరికితే తగులవెడ్తం అని మగవాళ్లు కట్టెలు పట్టుకుని చేలూ చెలకలూ వెతుకుతున్నారు. డాక్టరు కోసం నేను పంపిన మనిషి ఇంకా తిరిగి రాలేదు.

బాలలక్ష్మి బడికి పోవడం లేదు. కుడి చేయి లంగాలో చుట్టుకుని ఎడమ చేత్తో అన్నం తింటోంది. లస్మవ్వ బతిమాలింది, కొట్టింది కూడా. వినడం లేదు.

ఇదంతా మీ పాఠం వల్లేనా అని మీరు అనుకుంటారు. మీరు ఇచ్చింది దూడ కేసు. అంతవరకే నాకు తెలుసు.

ఇట్లు,
మీ మేలు కోరే
అంతయ్య

తా.క. ఈ ఉత్తరం తపాలాలో రాలేదు. దీన్ని మీ చేతికిచ్చి, ముఖానికి కొంగు చుట్టుకుని మీ గడప బయట నిలబడ్డ మనిషి కొమురవ్వ. ఇన్ని రోజులూ గోదాములో ఆకు కట్టల వెనక దాచాం. రేపో ఎల్లుండో అక్కడా వెతుకుతారు. ఆకు లారీ నడిపే జబ్బార్ ఆమెను మీ వీధి చివర దించుతానన్నాడు. మొదటే చెబితే ఆమె ముఖం చూస్తూ పైదంతా చదవలేరని చెప్పలేదు. పళ్లు లేక ఆమె మాట అర్థం కాదు, జావ తప్ప మింగలేదు. మీ ఇల్లు తప్ప వేరే చోటు నాకు తోచలేదు. ఉంచుకోవడం, ఉంచుకోకపోవడం మీరిద్దరూ తరువాత ఆలోచించుకోండి. ముందు ఆమెను లోపలికి రమ్మనండి.