మిగిలిన కొవ్వొత్తి

ఈస్టరు ఆదివారం, రాత్రి

తెల్లవారుజామున సంఘంవాళ్ళతో నేనూ సమాధుల తోటకు వెళ్ళాను. అక్కడ నాకంటూ ఒక సమాధి లేదు. అయినా ప్రతి ఏడూ ఒక కొవ్వొత్తి కొంటాను.

పక్కింటి రాహేలు వదిన తన భర్త సమాధికి సున్నం వేయించింది. "పెబువు వచ్చిన రోజున ఈయన ఇక్కడే లెగుస్తాడు. తూరుపుకి సూసేలాగే పడుకోబెట్టాం," అంది.

అడగకుండా ఉండలేకపోయాను. "మా ఆయన్ని కాల్చేసి, బూడిద ఋషికుల్య నదిలో కలిపేసినారు గదా. మరి ఎక్కడ లెగుస్తాడు వదినా?"

"బూడిద నుంచి లేపడం పెబువుకి కష్టమేటి?"

ఆ మాట నమ్మాను. నది సముద్రంలో కలిసేచోటికి ఒక్కదాన్నే నడిచి, కొవ్వొత్తి ఇసుకలో గుచ్చాను. గాలికి మూడుసార్లు ఆరిపోయింది. అలాగే వదిలేసి వచ్చేశాను.

నా బెంగ బూడిద గురించి కాదని ఇప్పుడు తెలుస్తోంది. ఆయన పోయాకే నేను బాప్తిస్మం తీసుకున్నాను. ఇక్కడ అందరికీ నేను మార్తనే, పాత పేరు ఎవరికీ తెలీదు. ఆ రోజు ఆయన లేచి, మా పైడమ్మ ఎక్కడని అడిగితే, అలాంటి మనిషి ఇక్కడ లేదని రాహేలు వదినే చెప్పి పంపేస్తుందేమో.