చింపిన ఆఖరి పేజీ

పామర్రు,
27-4-1998

లైబ్రేరియన్ వదినగారికి నమస్కారాలు.

మీరు చదవమని ఇచ్చిన నవల మా అమ్మాయి చేత పంపుతున్నాను. నాకు మొహం చెల్లలేదు. అందులో ఆఖరి పేజీ లేదు. చింపింది నేనే.

రోజూ టెన్త్ పేపర్లు దిద్దడానికి బందరు వెళ్ళొచ్చేదాన్ని కదా, ఆ స్పాట్ శుక్రవారంతోనే అయిపోయింది. ఇంట్లో మాత్రం శనివారం కూడా ఉందని చెప్పి హంసలదీవి వెళ్ళాను. నలభై ఏడేళ్ళొచ్చాయి, ఒక్కదాన్నే సముద్రం చూడటం అదే మొదలు. కృష్ణ సముద్రంలో కలిసేచోట కూర్చుని చదువుతుంటే, ఇంటికి ఎందుకు వెళ్ళాలో కాసేపు గుర్తుకు రాలేదు.

నవలలో ఇల్లు వదిలి వెళ్ళినావిడ చివరికి తిరిగొచ్చి మొగుడికి కాఫీ కలుపుతుంది. ఒళ్ళు మండి ఆ పేజీ చింపి నీళ్ళలో వేశాను.

సాయంత్రం ఇంటికొస్తే మీ అన్నయ్యగారు, "ఇవాళ ఎన్ని పేపర్లు దిద్దావేంటి?" అన్నారు.

"నలభై అండీ" అన్నాను. కుచ్చిళ్ళలోంచి రాలిన ఇసుకని కాలితో పక్కకి తోసి, కాఫీ కలిపాను.

మీకు పుణ్యముంటుంది, ఇంకో కాపీ తెప్పించకండి వదినా. ఇకమీదట చదివేవాళ్ళకైనా ఆవిడ తిరిగి రాకూడదు.

మీ
హైస్కూలు టీచరు