నాలుగు గంటల గడి

మంగళవారం, పడుకునే ముందు

మా కెమికల్ ఫ్యాక్టరీలో రియాక్టర్ ఎన్ని డిగ్రీల వేడి మీదుందో గంటగంటకీ మీటరు చూసి షీటులో రాయాలి. మేమేమో షిఫ్టు మొదట్లోనే రోజూ వచ్చే అంకెలతో షీటంతా నింపేస్తాం. ఈ రోజు నాతో పాటు షిఫ్టు చేసే యాదగిరన్న కూడా అలాగే నింపాడు, కానీ నాలుగు గంటల గడిలో తొంభైకి బదులు నూట నలభై రాశాడు. పొరపాటనుకున్నాను.

సరిగ్గా నాలుగింటికి మీటరు నూట నలభై చూపించింది. మూత పక్కనుంచి ఆవిరి బుస్సుమని చిమ్మింది. నేను మెట్లెక్కి పరుగెత్తి స్టీమ్ వాల్వ్ కట్టేసేసరికి గ్లౌజు కాలి అరచేతికి అంటుకుంది. చూస్తే, అన్న అప్పటికే మిగతావాళ్లందరినీ గేటు దాటించేశాడు.

"నీకు ముందే ఎట్ల తెల్సిందన్నా?" అని అడిగాను.

"కండ్లకు కనవడ్డది తమ్మీ. గంతే. ఇగ ఎవ్వనికీ చెప్పకు."

నా ముఖం చూడకుండా చెప్పాడు. నిజంగా కనబడిందా, తన అంకె నిజం కావాలని తనే వాల్వ్ తిప్పాడా? ఇన్నేళ్లు ఒకే డబ్బాలో అన్నం తిన్న మనిషిని ఇలా అనుమానించడం నాకే రోతగా ఉంది. అయినా...

ఇంద్రేశంలో బస్సు దిగుతూ, మడిచిన కాగితం ఒకటి నా చేతిలో పెట్టాడు. "రేపు నేనొస్తలేను. నీ రేపటి షీటు గూడ నింపిన."

ఇప్పుడే విప్పి చూశాను. మూడింటి దాకా అన్నీ తొంభైలే. ఆ కింది గళ్లన్నీ ఖాళీగా వదిలేశాడు.