మంట ఆర్పే భాగం

జ్రెన్యానిన్,
అక్టోబరు, ఆదివారం.

అమ్మకు,

నీ కూతురు విష్న్యా ముద్దులతో రాసేది. ఇక్కడ అందరమూ క్షేమం. అంటే ఎవరూ ఎవరి తలా ఇంకా పగలగొట్టలేదు. గ్రాజ్‌లో నువ్వూ, నువ్వు చూసుకునే ఆ ముసలావిడా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఈ ఉత్తరంతోపాటు అయివార్ పచ్చడి సీసాలు బస్సు డ్రైవర్ చేతికిచ్చాను. దారిలో అతను ఒకటి ఖాళీ చేస్తే నన్ననకు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. వేళకు తింటున్నాను. పచ్చడి కోసం మిరపకాయలు కాల్చి కాల్చి జుట్టంతా పొగ వాసన. మెట్ల దగ్గర దీపం బాగుచేయించాను. ఇక "మీ మామయ్యలు మాట్లాడుకుంటున్నారా?" అని ఉత్తరం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి అడిగావు. కూర్చుని చదువు.

మేలో మన ఇంటి దేవుడి స్లావా పండుగ నాడు జరిగింది నీకు తెలుసు. తాతయ్య పోయినప్పటి నుంచీ పండుగ రొట్టె పెద్ద మామయ్య రాతోమిర్ ఇంట్లోనే కోసేవాళ్ళు. ఈసారి చిన్న మామయ్య గ్వోజ్దెన్ తన ఇంట్లో వేరే కొవ్వొత్తి వెలిగించి, వేరే రొట్టె కోసి, అవే చుట్టాల్ని అదే వేళకు పిలిచాడు. నేను రెండిళ్ళలోనూ భోజనం చేసి, రెండిళ్ళలోనూ తిట్లు తిన్నాను. నీకు తెలియనిది ఏమిటంటే, ఆ రెండు రొట్టెల గొడవ మామయ్యలూ నేనూ పనిచేసే ఆఫీసులోకి కూడా వచ్చేసింది.

ఊళ్ళో బడులకీ బేకరీలకీ మనం పెట్టిన బాయిలర్లను నడిపే ప్రోగ్రాం కోడ్ అంతా ఒకే కుప్పగా ఉండేది. ఏది ఎక్కడ మొదలవుతుందో రాసిన మామయ్యలకే తెలిసేది కాదు. పోయిన చలికాలమంతా కూర్చుని, వీడియోలు చూసి నేర్చుకుంటూ, నేను దాన్ని భాగాలుగా విడదీశాను. వేడిని కొలిచేది ఒకటి, తెర మీద చూపించేది ఒకటి, నీళ్ళు మరీ కాగిపోతే మంట ఆర్పేది ఒకటి. అన్నిటినీ వర్షన్ కంట్రోల్‌లో పెట్టాను. ఎవరు ఏం మార్చినా అందులో నిలిచి ఉంటుంది. మంట ఆర్పే భాగాన్ని ఒకచోట బాగుచేస్తే, దాన్ని వాడుకునే బాయిలర్లన్నీ బాగుపడతాయి. అందుకే కదా ఆ చాకిరీ చేసింది!

పండుగ గొడవయ్యాక మామయ్యలు మాత్రం నేను పొలం కొలిచి గట్లు వేశాననుకున్నారు.

"భేష్, ఇక పంచుకోవడం తేలిక. బడులు నావి, బేకరీలు వాడివి. కోడ్ కూడా కోసెయ్," అన్నాడు పెద్ద మామయ్య.

"మంట ఆర్పే భాగం ఇద్దరికీ కావాలి మామయ్యా. దాన్నెలా కొయ్యను?"

"చెరో కాపీ ఇచ్చెయ్."

"ఒకదాంట్లో తప్పు దిద్దితే రెండోదాంట్లో అలాగే ఉండిపోతుంది."

"వాడి కాపీ వాడు దిద్దుకుంటాడు. వాడికేం చేతుల్లేవా?"

చెరో కాపీ అయింది. నన్ను కూడా పంచుకున్నారు. సోమ, బుధ, శుక్రవారాలు పెద్దాయనకి, మిగతావి చిన్నాయనకి.

కిందటి నెల ఒక బడిలో వేడి కొలిచే తీగ తెగింది. అప్పుడు మంట ఆరాలి. ఆరలేదు! చివరిసారి కొలిచిన అంకెనే పట్టుకుని ప్రోగ్రాం అంతా బాగుందనుకుంటూ కూర్చుంది. కావలివాడు చూసి చేత్తో ఆర్పాడు కాబట్టి సరిపోయింది. ఆ తప్పు మొదటి నుంచీ ఉన్నదే, కాబట్టి రెండు కాపీల్లోనూ ఉంది. నేను పెద్ద మామయ్య కాపీలో దిద్ది, వెంటనే చిన్న మామయ్య దగ్గరికి పరిగెత్తాను.

"ఏ రోజు దిద్దావు?" అన్నాడు.

"రోజుతో పనేముంది?"

"సోమవారం దిద్దావా?"

"అవును."

"సోమవారం ఆయనది. ఆయన సొమ్ము నాకొద్దు. రేపు పదిమందిలో, 'నేను దిద్దించి ఇవ్వకపోతే మా తమ్ముడు తగలబడేవాడు' అంటాడు."

"సరే, మంగళవారం మళ్ళీ దిద్దుతాను!"

"అక్కర్లేదు. నేనే చూసుకుంటాను."

చూసుకోలేదు. పెద్దాయన్ని అడిగితే, "వాడొచ్చి అడిగితే ఇస్తాను. అడగమను," అన్నాడు. అమ్మా, బేకరీ కాల్మాన్ పిల్లలు అక్కడి బాయిలర్‌కి పైగదిలోనే పడుకుంటారు. ఆ మాట ఇద్దరి మొహం మీదా చెప్పాను. ఇద్దరూ కాఫీ తాగారు.

ఇప్పటిదాకా దాచింది ఇక చెప్పేస్తాను. గురువారం ఎవరినీ అడగకుండా రెండు కాపీలూ తీసేశాను. దిద్దిన భాగాన్ని ఒకే చోట పెట్టి, బడులూ బేకరీలూ అక్కడి నుంచే తీసుకునేలా కలిపేశాను. ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప అందులో ఏ మార్పూ చేరకుండా కట్టడి కూడా పెట్టాను. తర్వాత సైకిలెక్కి కాల్మాన్ దగ్గరికి వెళ్ళి, బాయిలర్ తీగ ఊడబెరికి చూశాను. మంట ఆరింది.

"ఇంతకు ముందు కూడా ఆరేదే కదా?" అన్నాడు కాల్మాన్.

నేను మాట మార్చి, తినడానికి ఒక బురెక్ ఇమ్మన్నాను.

శుక్రవారం మామయ్యలిద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని నన్ను పిలిచారు.

"ఎవర్నడిగి కలిపావే?" అన్నాడు పెద్దాయన.

"ఊఁ, ఎవర్నడిగి?" అన్నాడు చిన్నాయన.

"మే నెల తర్వాత మీరిద్దరూ ఒకే మాటనడం ఇదే మొదలు," అన్నాను. నవ్వకుండా ఉండాల్సింది. నవ్వాను. ఉద్యోగం తీసేశారు. అందులోనైనా ఒకటయ్యారు.

నిన్న పెద్ద మామయ్య ఆఫీసు నుంచి ఫోన్ చేశాడు.

"ఏమే, దీన్ని మళ్ళీ విడదీయడమెలా?"

"చిన్న మామయ్య కూడా సరేననాలి."

"అనకపోతే?"

"కలిసే ఉంటుంది."

మామయ్య ఫోన్ పక్కకు కూడా తీయకుండా, నా చెవి పగిలేలా అరిచాడు: "గ్వోజ్దెన్! ఒరేయ్, ఇలా వచ్చి చూడరా, నాకేం తోచట్లేదు!"

నేను ఫోన్ పెట్టేశాను.

నా కోసం వాళ్ళని బతిమాలకు. కానీ ఫోన్ చేసి ఒక్క మాట అడుగు, మళ్ళీ విడదీసి పాత కాపీలు పెట్టారా అని. అవునన్నా, మాట దాటేసినా వెంటనే నాకు చెప్పు. కాల్మాన్ దగ్గరికెళ్ళి బాయిలర్ నేనే ఆర్పిస్తాను. ఈసారి అతను అడిగితే ఎందుకో కూడా చెప్తాను.

ఇట్లు,
ఉద్యోగం పోయినా కోపం పోని
నీ కూతురు
విష్న్యా