అమావాస్య ఫైలు

జూలై 26, శనివారం
పెన్‌డ్రైవ్ నిండిపోయింది. మగ్గాల డిజైన్లన్నీ రోజూ కంప్యూటర్లోంచి దాంట్లోకి ఎక్కించే పని నాదే. మా ఆయన బజారులో ఉన్నాడు. ఫోన్ చేద్దామంటే పక్కన పదిమంది ఉంటారు, బెరుకు.
ఫైళ్ళ పేర్లు చూశాను. ముందు తేదీ, తర్వాత గంట, చివర వరుస నంబరు. ఇరవై నాలుగు... అమావాస్య. ఆ రోజు మగ్గం గుంటలోకి దిగనే లేదు ఎవరూ. అందులో ఏముంటుంది? తీసేశాను. చోటు వచ్చింది.

జూలై 28
మామకు ఈ రోజు జ్ఞాపకం బాగుంది. శుక్రవారం నుంచి తను నేసిన పాత చీరల అంచులు చెప్తున్నాడు, ఏ గడిలో ఏ రంగో. ఆయన కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాడు. గుర్తున్నప్పుడే రాసుకోమన్నాడు హిందూపురం డాక్టరు.
"హంస మెడ తిప్పి ఎనక్కి చూడాలప్పా. ముందుకు చూస్తే అది బాతు!"
నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి.

జూలై 30
కరెంటు పోయి వచ్చింది. కంప్యూటర్ లేవలేదు.
"భయపడాకు," అన్నాడు ఆయన. "ఒకటో తేదీ పెద్ద కాపీ ఉండాది. దాని మీద నువ్వు రోజూ తీసిన చిన్న ఫైళ్ళు వరసగా ఎక్కిస్తే, నిన్న సాయంత్రం ఆరు అంటే ఆరు దాకా వచ్చేస్తాది."

జూలై 31
కంప్యూటర్లో కొత్త డిస్కు వేయించి ఎక్కిస్తుంటే, ఇరవై మూడో తేదీ దాకా వచ్చి ఆగింది.
"మధ్యలో ఒకటి లేదే... కొత్త డిజైను లేనిదైనా సరే, వరసలో ఉండాల. లేకుంటే పైవి ఎక్కవు," అన్నాడు ఆయన.
ఇరవై ఐదు నుంచి అన్నీ కళ్ళెదుటే ఉన్నాయి, పేర్లతో సహా. మామ అంచులన్నీ వాటిలోనే. పడుగులో పోగు తెగితే ముడి వేస్తాం. దీనికి...
నేను తీసేసింది అదే.

ఆగస్టు 1
పెనుకొండ నుంచి అమ్మ ఫోన్. "ఏడో క్లాసు చదివినదానికి కంప్యూటరు అప్పజెప్పినారని అందరికీ చెప్పుకుంటాండానే!"
ఊఁ అన్నాను.

ఆగస్టు 2
"నాయనా, ఆ హంస అంచు ఇంకోసారి చెప్పు," అన్నాడు ఆయన మామతో.
"ఏం హంస?"
నాకు గుర్తున్నంత కాగితం మీద గీసి ఇచ్చాను. మెడ వెనక్కే తిప్పాను. మామ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.
"ఎవరు గీసినారమ్మా ఈ బాతు?"
ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

ఆగస్టు 3
చెప్పలేదు.

ఆగస్టు 4
కొత్త పెన్‌డ్రైవ్ తెచ్చాడు. "ఇదే మోసం చేసింది," అని పాతదాన్ని చెత్తబుట్టలో వేశాడు. కొత్తది నా చేతిలో పెట్టాడు.
"నీ చేతిలో ఉంటే నాకు బెంగ లేదు."
అప్పుడైనా చెప్పి ఉండాల్సింది.
పాతది తీసి చీర మడతలో దాచాను. రేపు సాయంత్రం మొదటి ఫైలు ఎక్కించాలి. అంతకు ముందే ఆయనతో...