సునీత తిరిగిచ్చిన చీటీ

అక్కా,

ఉదయగిరిలో నువ్వు పోయి ఏడాదైందని పెట్టిన ప్రార్థన కూడిక అయిన మరునాడు, ఆత్మకూరులో నీ కూతురు సునీత కాలేజీకి వెళ్లాను. పెద్దవాళ్లనూ రమ్మన్నారు. వ్యక్తిత్వ వికాసం క్లాసట. యోధుడు, జ్ఞాని, అన్వేషి, తల్లి అని రాసిన చీటీలు పంచుతున్నారు. మనుషుల్ని మూసల్లో పోసి, దానికి వికాసమని పేరా?

"అమ్మ పోయిందన్నావు కదమ్మా, ఇక ఇంటికి నువ్వే తల్లివి," అని సారు సునీతకు ఆ చీటీ ఇచ్చాడు. నేను మా మీటింగుల్లో లేచినట్టే గొడవకు లేచాను.

"కూచో మామా, ఇది నీ మీటింగు కాదు," అని సునీత చీటీ తిరిగిచ్చేసింది. "నేనెవర్నో నాకే తెలీదు సార్. తెలిసిందాకా నాకేదీ వొద్దు."

మన అమ్మ పోయిన రోజే నిన్నూ అందరూ తల్లివన్నారు. నువ్వు బడి మాని పొయ్యి దగ్గర కూర్చున్నావు. నువ్వేం కావాలనుకున్నావో నాకిప్పటికీ తెలియదు, అక్కా.